పిల్లలకు రహస్యలిపి నేర్పాలంటే ముందు దాన్ని విప్పనివ్వండి

"మా అమ్మాయికి పదేళ్లు. స్నేహితురాలితో రహస్యలిపిలో చీటీలు రాసుకుంటోంది. పిల్లల ప్రోగ్రామింగ్ సాధనం స్క్రాచ్‌లో చిన్న ఆటలు చేసింది, ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టింది. ఈ సరదాను పట్టుకుని సమాచార భద్రత నేర్పవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఇతరుల రహస్యాలను విప్పడం నేర్పితే తప్పుదారి పడుతుందేమోనని భయంగా కూడా ఉంది" అని అడిగారు.

తప్పకుండా నేర్పవచ్చు. పన్నెండేళ్లుగా ఈ వయసు పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. మీరు చివర చెప్పిన భయం గురించే ముందు మాట్లాడతాను, ఎందుకంటే నేను నేర్పే పద్ధతంతా అక్కడే మొదలవుతుంది. విప్పడం నేర్పకుండా భద్రత నేర్పడం కుదరదు. పొడుపుకథ విప్పిన పిల్లకే మంచి పొడుపుకథ కట్టడం వస్తుంది. తాళం ఎలా ఊడుతుందో చూడని పిల్లకు ప్రతి తాళమూ గట్టిగానే కనిపిస్తుంది.

మొదటి ఏడాది నేను దీనికి పూర్తిగా విరుద్ధంగా చేశాను. పాస్‌వర్డ్ ఇలా ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు అంటూ నియమాలతో మొదలుపెట్టాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. వారం తర్వాత పాస్‌వర్డ్ పెట్టమంటే చాలామంది తమ పేరు, పక్కన పుట్టిన సంవత్సరం పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. అది ఎందుకు బలహీనమో వాళ్ల చేతులకు ఇంకా తెలియదు. అప్పటి నుంచి నియమాలు చెప్పడం మానేసి, నియమాలు వాళ్లకే తట్టే పనులు ఇస్తున్నాను.

మొదటి రెండు వారాలు కంప్యూటర్ జోలికి వెళ్లకండి. కాగితం, పెన్సిలు చాలు. "క భాష"తో మొదలుపెట్టండి. ప్రతి అక్షరం ముందు క చేర్చి "నువ్వు రా"ను "కనుకవ్వు కరా" అనడం మనలో చాలామంది చిన్నప్పుడు చేసిందే. కొత్తగా విన్నవాళ్లకు ఏమీ అర్థం కాదు. కిటుకు తెలిసిన మరుక్షణం అంతా అర్థమవుతుంది. ఇక్కడ ఆగి అమ్మాయిని అడగండి: "కిటుకు ఊరంతా తెలిసిపోయినా మీ ఇద్దరి మాట మీ ఇద్దరికే అర్థం కావాలంటే ఏం చేయాలి?" జవాబు మీరు చెప్పకండి. ఒకటి రెండు రోజులు పట్టినా ఆలోచించనివ్వండి. "పద్ధతి ఒకటే ఉంచి, లోపల ఏదో ఒక సంఖ్య మార్చుకోవాలి" అనే మాట తన నోట రావాలి. ఆ సంఖ్యే తాళంచెవి. రహస్యలిపి శాస్త్రానికి పునాది వంటి సూత్రాన్ని డచ్ పండితుడు ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లో రాశాడు: పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, దాచవలసింది తాళంచెవిని. ఇవాళ బ్యాంకు లావాదేవీలను కాపాడే పద్ధతులు కూడా ఎవరైనా చదువుకోగలిగేలా బయటే ఉన్నాయి.

ఇదే సమయంలో ఇంకో తేడా కూడా తేల్చేయాలి. సంకేతం వేరు, రహస్యం వేరు. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది లెక్క చూపిస్తే పిల్లలకు ఇది చక్కగా తెలుస్తుంది. మేచకల్యాణి అనే పేరులో మ అంటే 5, చ అంటే 6. తిరగేసి చదివితే 65, కర్ణాటక సంగీతంలోని మూల రాగాలైన మేళకర్తల వరుసలో ఆ రాగం సంఖ్య. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29. దాచడానికి కాదు, గుర్తుపెట్టుకోవడానికి చేసిన ఏర్పాటు ఇది. కంప్యూటర్ క అనే అక్షరాన్ని 3093 అని రాసుకోవడం కూడా ఇలాంటిదే. బేస్64 అనే సంకేతంలోకి మార్చిన వాక్యం చూడటానికి భయంకరంగా ఉంటుంది, కానీ దానికి తాళంచెవి లేదు, ఎవరైనా వెనక్కి తిప్పేయవచ్చు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా ఈ రెండింటినీ కలిపేసి పొరబడటం చూశాను. పదేళ్లకే తేడా తెలిస్తే ఎంతో మేలు.

ఇక ప్రోగ్రామ్. జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు జరిపి రాసేవాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ చెప్పాడు. పుస్తకాలన్నీ దీన్ని ఇంగ్లిషు అక్షరాలతోనే చేయిస్తాయి. మీరు తెలుగుతో చేయించండి. భాషాభిమానం కోసం మాత్రమే చెప్పడం లేదు. తెలుగుతో చేస్తే నేర్చుకోవడానికి నిజంగా ఎక్కువ దొరుకుతుంది.

హల్లులతో ఒక జాబితా రాయించండి: క నుంచి మ వరకు 25, తర్వాత య ర ల వ శ ష స హ ళ ఱ. మొత్తం 35. ప్రోగ్రామ్ చేయాల్సింది ఇంతే. సందేశంలో ఒక్కో గుర్తును తీసుకోవాలి. అది జాబితాలో ఉంటే దాని స్థానానికి తాళంచెవి కలపాలి, 35తో భాగించి శేషం తీసుకోవాలి, ఆ స్థానంలోని అక్షరం రాయాలి. జాబితాలో లేకపోతే ఉన్నదున్నట్టు వదిలేయాలి. తాళంచెవి 3 అయితే "తాళం" అనే మాట "ధాఖం" అవుతుంది. త మూడు అడుగులు వేసి ధ దగ్గర ఆగింది. ళ చివరికి చేరి, మళ్లీ మొదటికొచ్చి ఖ అయింది. బడిలో ఎందుకూ పనికిరాదనుకున్న శేషం ఇక్కడ గడియారంలా తిరగడం చూసి పిల్లల ముఖాలు వెలుగుతాయి.

కొందరు పిల్లలు జాబితా ఎందుకని, అక్షరం సంఖ్యకే నేరుగా మూడు కలిపేస్తారు. పైథాన్‌లో అక్షరాన్ని సంఖ్యగా, సంఖ్యను అక్షరంగా మార్చే ఫంక్షన్లు ఉన్నాయి కాబట్టి అది సులువే. ఆపకండి, చేయనివ్వండి. న సంఖ్య 3112. ఒకటి కలిపితే 3113. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పట్టిక యూనికోడ్‌లో ఆ స్థానం ఖాళీ, ప 3114 దగ్గర ఉంది. తెర మీద ఖాళీ డబ్బా కనిపిస్తుంది. "నా న ఎక్కడికి పోయింది?" అని వెతుక్కుంటూ వెళ్లిన పిల్లకు, కంప్యూటర్‌లో అక్షరాలు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాగే "స్త్రీ" అనే మాట పొడవెంతో అడగమనండి. మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం.

ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. అమ్మాయి రాసిన రహస్యాన్ని మీరు తీసుకుని, తాళంచెవి అడగకుండా విప్పండి. 34 తాళంచెవులే ఉన్నాయి కదా, ఒక లూప్ పెట్టి అన్నింటినీ వరుసగా ప్రయత్నిస్తే 34 వరుసలు వస్తాయి. అందులో ఒక్కటే తెలుగులా కనిపిస్తుంది. తను గంటసేపు కష్టపడి చేసింది క్షణంలో ఊడిపోతే పిల్లకు కాస్త బాధ కలుగుతుంది. ఆ బాధను ఓదార్పుతో తుడిచేయకండి. "మరి దీన్ని ఎలా గట్టిపరుస్తావు?" అని అడగండి.

అందరికీ తట్టే ఉపాయం జాబితాను కలగాపులగం చేయడం. క బదులు భ, ఖ బదులు ట, ఇలా ఇష్టమొచ్చినట్టు. అలాంటి జాబితాలు ఎన్ని సాధ్యమో గుణించి చూపించండి: 1 పక్కన 40 సున్నాలు పెట్టినంత. ఒక్కొక్కటీ ప్రయత్నించడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. పిల్లలు గెలిచామనుకుంటారు. నేను ప్రతి ఏడాదీ ఎదురుచూసే రోజు ఇదే.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ అనే పండితుడు దీనికి విరుగుడు రాసిపెట్టాడు: ప్రయత్నించవద్దు, లెక్కపెట్టు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువగా వస్తాయి, కొన్ని అరుదు. అక్షరం వేషం మార్చినా ఎన్నిసార్లు వచ్చిందన్నది మారదు. పిల్లల చేత ఏదైనా పెద్ద తెలుగు వ్యాసం తీసుకుని అక్షరాలను లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయించండి. ఝ, ఢ వంటివి అడుగున ఉంటాయి. ఙ దాదాపు కనిపించదు. కాబట్టి రహస్య సందేశంలో ఝ మాటిమాటికీ వస్తుంటే ఆ వేషం వెనక ఏదో మామూలు అక్షరం ఉన్నట్టే.

అయితే నా క్లాసులో ఒక పదకొండేళ్ల అమ్మాయి ఈ లెక్క కూడా లేకుండానే విప్పేసింది. సందేశంలో చాలా మాటల చివర "ఝో" ఉంది. "తెలుగులో మాటల చివర ఓత్వంతో ఎక్కువగా వచ్చేవి లో, తో. అందుకని ఝ అంటే ల గానీ త గానీ అయ్యుండాలి" అంది. తర్వాత ఒత్తులు చూసింది. "ఝ్ఝ" ఒకచోట ఉంది, అంటే ల్ల లేదా త్త. పది నిమిషాల్లో వాక్యం మొత్తం బయటపడింది. మేం హల్లులను మార్చాం గాని గుణింతాలు, సున్నాలు, ఒత్తులు, మాటల మధ్య ఖాళీలు అలాగే వదిలేశాం. వదిలేసినవన్నీ వెళ్లి సాక్ష్యం చెప్పాయి. ఇంగ్లిషు అక్షరాలతో చేసి ఉంటే ఈ పాఠం ఇంత స్పష్టంగా దొరికేది కాదు.

ఇక్కడి నుంచి ఇవాళ్టి ఫోనులోకి రావడానికి ఒక్క అడుగు చాలు. మెసేజింగ్ యాప్ మాటలను గుప్తంగా ఉంచినా, ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారు, ఎంత తరచుగా పంపారు అన్నవి అలా దాగకపోవచ్చు. తమ ఒత్తులే తమను పట్టించిన పిల్లలకు ఇది ఒక్కసారి చెబితే సరిపోతుంది.

బలహీనమైన రహస్యలిపిని నమ్ముకోవడం అసలు లిపే లేకపోవడం కంటే ప్రమాదం. దీనికి నేను చెప్పే కథ స్కాట్లాండ్ రాణి మేరీది. 1586లో ఖైదులో ఉన్న ఆమె ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌పై కుట్ర చేస్తున్నవాళ్లతో రహస్యలిపిలో ఉత్తరాలు నడిపింది. ఎవరూ చదవలేరన్న ధీమాతో రాసింది. థామస్ ఫిలిప్స్ అనే నిపుణుడు అన్నింటినీ విప్పి చదివాడు. పైగా ఆమె ఉత్తరం చివర అదే లిపిలో, కుట్రదారుల పేర్లు చెప్పమంటూ నాలుగు మాటలు తాను చేర్చి పంపాడు. 1587లో ఆమెకు మరణశిక్ష అమలైంది. పిల్లలు ఈ కథలో చదవడం గురించి కంటే చేర్చడం గురించి ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. మంచిదే. రహస్యంగా ఉండటం ఒకటి, మారకుండా ఉండటం మరొకటి.

ఆ రెండోదాన్ని ప్రోగ్రామ్‌తో చూపించవచ్చు. కాస్త పెద్ద పిల్లలకు, పన్నెండేళ్లు దాటితే బాగుంటుంది. సందేశాన్ని బిట్లుగా, అంటే 0, 1లుగా మార్చి, అంతే పొడవున్న తాళంచెవి బిట్లతో ఎక్సార్ చేయడం నేర్పండి. రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1. అదే తాళంచెవితో మళ్లీ చేస్తే సందేశం తిరిగొస్తుంది. బొమ్మా బొరుసూ వేసి తాళంచెవి తయారుచేసి, ఒక్కసారే వాడి చింపేస్తే, ఈ పద్ధతిని ఎంత శక్తిమంతమైన కంప్యూటరూ విప్పలేదని అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ గణితంతో నిరూపించి 1949లో ప్రచురించాడు. ఇప్పుడు ఆ విప్పలేని పద్ధతిలో "100 ఇవ్వు" అని పంపించండి. కంప్యూటర్‌లో 1 అనే గుర్తు సంఖ్య 49, 9 అనే గుర్తు సంఖ్య 57. రెండింటికీ తేడా ఒక్క బిట్టు. దారిలో ఉన్నవాడు తాళంచెవి తెలియకుండానే, సందేశం చదవకుండానే, ఆ ఒక్క బిట్టు తిప్పేస్తే అవతల "900 ఇవ్వు" అని చేరుతుంది. ఈ ప్రయోగం చేసిన పిల్లలు "దీనికి ముద్ర ఉండాలి" అని వాళ్లంతట వాళ్లే అంటారు. నిజమైన వ్యవస్థలు అలాంటి ముద్రనే వేస్తాయి.

ఒక్కసారే వాడాలన్న షరతును పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. రెండు సందేశాలకు ఒకే తాళంచెవి వాడి, ఆ రెండు గుప్త సందేశాలను ఒకదానితో ఒకటి ఎక్సార్ చేయించండి. తాళంచెవి మాయమై రెండు సందేశాల మిశ్రమం మాత్రం మిగులుతుంది, ఒకటి ఊహిస్తే రెండోది బయటపడుతుంది. సోవియట్ యూనియన్ ఇలా కొన్ని తాళంచెవులను రెండోసారి వాడినందువల్లే అమెరికా వాళ్లు వెనోనా అనే ప్రయత్నంలో వేలాది సందేశాల్లో కొన్నింటిని చదవగలిగారు. అలాగే పైథాన్‌లోని యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే మామూలు ర్యాండమ్ మాడ్యూల్‌తో తాళంచెవి తయారుచేయనివ్వకండి. అది ఆటలకు బాగుంటుంది. కానీ అది ఇచ్చే 32 బిట్ల సంఖ్యలను వరుసగా 624 గమనిస్తే తర్వాత రాబోయేవన్నీ చెప్పేయవచ్చు. రహస్యాల కోసమే సీక్రెట్స్ అనే మాడ్యూల్ ఉంది.

ఎనిగ్మా యంత్రం, విజెనేర్ చదరం వంటి పాత రహస్యలిపి పద్ధతులు సరదా ఉంటే చేయండి, లేకపోతే వదిలేయండి. వాటి మీద నెలలు గడిపి అసలు విషయానికి రాకుండానే ఆగిపోయిన పిల్లలను చూశాను.

అసలు విషయం పాస్‌వర్డ్. నాలుగంకెల పిన్ ఒకటి పెట్టుకునే చిన్న ప్రోగ్రామ్ రాయించి, దాన్ని ఊహించే ఇంకో ప్రోగ్రామ్ రాయించండి. 10,000 అవకాశాలు కన్ను మూసి తెరిచేలోగా అయిపోతాయి. "మరి ఫోనులో నాలుగంకెలే ఉన్నా ఎందుకు ఊడదు?" అని అడగండి. తప్పు కొడితే ఫోను ఆగమంటుంది కదా అని గుర్తొస్తుంది. వెంటనే తన ప్రోగ్రామ్‌లో ఐదు తప్పుల తర్వాత ఆగే ఏర్పాటు చేస్తుంది. ఆ రోజు తను భద్రతా నిపుణుల్లా ఆలోచించినట్టే.

తర్వాత, పాస్‌వర్డ్‌ను ఎక్కడా రాసిపెట్టకుండా సరిపోల్చడం ఎలా అన్న చిక్కు ఇవ్వండి. దీనికి హ్యాష్ నేర్పాలి. షా-256 అనే పద్ధతి ఎంత పెద్ద సందేశాన్నైనా 64 గుర్తుల వరుసగా మారుస్తుంది. ఒక్క అక్షరం మారితే వరుసంతా మారిపోతుంది, వరుస నుంచి సందేశాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. కాబట్టి పాస్‌వర్డ్ బదులు ఆ వరుసనే దాచి సరిపోల్చవచ్చు. అయితే ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెడితే ఒకే వరుస వస్తుంది. పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపినవన్నీ ముందే హ్యాష్ చేసి పెట్టుకున్న వాడికి అవి ఇట్టే దొరుకుతాయి. నా మొదటి ఏడాది పిల్లలకు ఇది చూపించి ఉంటే ఎంత బాగుండేదో! గట్టి పాస్‌వర్డ్ కోసం పాచికలు వేయించండి. ఐదు పాచికలు వేస్తే 7,776 రకాలు. అన్నే మాటలున్న జాబితా నుంచి ఒక మాట. అలా నాలుగు మాటలు తీస్తే 36 కోటి కోట్లకు పైగా అవకాశాలు. ఎనిమిది చిన్న ఇంగ్లిషు అక్షరాలను యాదృచ్ఛికంగా తీసినా 20,882 కోట్లే. ఈ రెండు గుణకారాలు తన చేతే వేయించండి.

గుణకారం ఆదుకోలేని చోటు ఒకటుంది. నా క్లాసులో పిల్లలు రెండు గుంపులుగా రహస్యాలు పంపుకుంటున్నప్పుడు, నేను మధ్యలో ఒక చీటీ పంపిస్తాను: "మా కాగితం పోయింది, తాళంచెవి ఇంకోసారి చెప్పండి, తొందర." కింద వాళ్ల గుంపు నాయకుడి పేరు రాస్తాను. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు ఇచ్చేస్తారు. అప్పుడు ఎవరినీ తప్పుపట్టను. ఆ చీటీలో ఏ మాట చూసి నమ్మారో మాత్రం అందరం కలిసి వెతుకుతాం. "తొందర" అన్న మాట దగ్గరే అందరి వేళ్లూ ఆగుతాయి. ఫోను చేసి ఓటీపీ అడిగేవాళ్లు వాడేదీ అదే మాట. ఈ ఆట మీ ఇంట్లో ఇద్దరితో కూడా ఆడవచ్చు, తప్పకుండా ఆడించండి.

ఇక తప్పుదారి సంగతి. ఒకసారి ఒక అబ్బాయి తోటి పిల్లవాడి పాస్‌వర్డ్ ఊహించి అతని ఆటలో చొరబడి బొమ్మలన్నీ చెరిపేశాడు. తెలివికి మెచ్చుకోలేదు, క్లాసు నుంచి పంపించనూ లేదు. చెరిపినవన్నీ ఆ తోటివాడితో కలిసి కూర్చుని తిరిగి గీయమన్నాను. మూడు రోజులు పట్టింది. తర్వాత ఇద్దరూ కలిసి ఆ ఆటకు మంచి తాళం రాశారు. అప్పటి నుంచి మొదటి రోజే మాట తీసుకుంటాను: నీది గానీ, విప్పమని ఇచ్చింది గానీ మాత్రమే విప్పాలి, ఎక్కడైనా లోపం కనిపిస్తే ముందు ఆ వస్తువు ఎవరిదో వాళ్లకు చెప్పాలి. ఇది మీకూ వర్తిస్తుంది. అమ్మాయి స్నేహితురాలితో రాసుకుంటున్న చీటీలను మీరు తనకు తెలియకుండా విప్పకండి. తను పందెం కట్టి ఇస్తే మాత్రం శాయశక్తులా ప్రయత్నించండి.

ఇంతకు ముందు కలవని ఇద్దరు, అందరూ వింటుండగా తాళంచెవి కుదుర్చుకోవడం ఎలా అన్నది చివరికి అట్టిపెట్టండి. 1976లో అమెరికా పరిశోధకులు డిఫీ, హెల్‌మన్ దీనికి దారి చూపించారు. అందరికీ తెలిసిన సంఖ్యలు 5, 23. మీ రహస్యం 6 అనుకోండి, తనది 15. మీరు 5ను ఆరుసార్లు గుణించి 23తో భాగిస్తే శేషం 8, అది బయటకు చెప్పండి. తను పదిహేనుసార్లు గుణిస్తే శేషం 19, అదీ బయటకే. ఇప్పుడు మీరు 19ని ఆరుసార్లు, తను 8ని పదిహేనుసార్లు గుణించి శేషం తీసుకుంటే ఇద్దరికీ 2 వస్తుంది. ఆ 2ను ఎవరూ పలకలేదు. ఇంత చిన్న సంఖ్యలైతే వినేవాడు లెక్కపెట్టి పట్టేస్తాడు. నిజంగా వాడేటప్పుడు వందల అంకెల సంఖ్యలు తీసుకుంటారు. పదేళ్ల పిల్లకు ఎందుకు ఇలా అవుతుందో అర్థం కాకపోవచ్చు. జరగడం చూస్తే చాలు, ఎందుకన్న ప్రశ్న తనతో పాటు పెరుగుతుంది.

ఈ వారానికి మాత్రం ఒక చీటీ ఇస్తున్నాను, మీ అమ్మాయికి ఇవ్వండి. హల్లుల వరుస పైన రాసినదే, గుణింతాలు కదపలేదు. తాళంచెవి మీక్కూడా చెప్పను. విప్పాక, అందులో చెప్పిన చోట మీరు తన కోసం ఇంకో చీటీ దాచి ఉంచాలి, కాబట్టి తనకంటే ముందు మీరు విప్పుకోవాలి.

లుఘ్బజంఱో డూను